కొండ కుంకుడు, కోనసీమ నూనె

కిరండూల్ ప్యాసింజర్ విశాఖపట్నం స్టేషన్ వదిలే వేళకు ఉదయం ఏడు కూడా కాదు. ఎక్కేవాళ్లలో అరకు చూడబోయే కుటుంబాలే ఎక్కువ. 2017లో అద్దాల పెట్టె తగిలించాక ఆ సందడి మరీ పెరిగింది. ఫిబ్రవరిలో ఆ గుంపు మధ్య, మడిచిన గోనెసంచులు సీటు కిందికి తోసి, ఒళ్లో కాటా పెట్టె పెట్టుకుని కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లది మాత్రం వేరే పని. విశాఖలో ఇంటి మేడమీద గదిలో సబ్బులు చేసి అమ్ముకునే తోడికోడళ్లు వాళ్లు. తయారీ అంతా పెద్దకోడలిది, లెక్కలూ లేబుళ్లూ చిన్నకోడలివి. వేప సబ్బు, పసుపు సబ్బు, కాఫీ సబ్బు, కుంకుడు సీకాయ పొడి, సున్నిపిండి, తలనూనె. అంతకు మించి సరుకు పెంచలేదు. ఉగాది అమ్మకాలకు ముందు ముడిసరుకు కోసం ఒక చుట్టు తిరిగి వస్తారు. కాయ, గింజ, దుంప కొండ మీద దొరుకుతాయి. నూనె కోనసీమలో దొరుకుతుంది. ఈ రెండు కొసలూ కలిస్తేనే వాళ్ల వ్యాపారం.

కొత్తవలసలో లైను చీలి కొండల వైపు తిరుగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి జపాన్ ఓడలెక్కడానికి 1960లలో వేసిన దారి ఇది. ఇప్పటికీ ఎదురొచ్చేవి ఎక్కువగా ఖనిజం బండ్లే. శివలింగపురం దాటాక ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు పెడతారు. దారి పొడుగునా ఆ సొరంగాలు 58. శిమిలిగూడ చేరేసరికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తు, చెవులు దిబ్బడేస్తాయి.

ఎదురుసీటు పెద్దాయన కాటా పెట్టె చూసి మాట కలిపాడు.

“ఏం వ్యాపారమమ్మా?”

“సబ్బులండీ. మూలికలతో చేస్తాం.”

“అయితే సోడా గీడా వెయ్యరన్నమాట.”

“వేస్తామండీ. కాస్టిక్ సోడా పడకుండా సబ్బు అవదు” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు కిటికీ వైపు నుంచి తల తిప్పి చూసింది. ఈ జవాబు విని వెనక్కి తగ్గిన కొనుగోలుదారులు ఆమెకు తెలుసు. అయినా పెద్దకోడలు ఆ మాట ఎక్కడా దాచదు. దాచాల్సిన పనీ లేదు. నూనెకు కాస్టిక్ తగిలితే ఆ రెండూ మారిపోయి సబ్బు, గ్లిజరిన్ అవుతాయి. కొలత సరిగ్గా ఉంటే ఆరిన బిళ్లలో కాస్టిక్ మిగలదు. ఒక్కో నూనెకు ఒక్కో లెక్క. వంద గ్రాముల కొబ్బరి నూనెకు 18 గ్రాముల పైచిలుకు కావాలి. నువ్వుల నూనెకు 13 సరిపోతుంది, ఆముదానికి ఇంకాస్త తక్కువ. కంటిచూపుతో వేసే పని కాదు కాబట్టే ఆ కాటాను ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు. పెద్ద కంపెనీలు గ్లిజరిన్‌ను విడదీసి వేరే సరుకుగా అమ్ముకుంటాయి. చేతి సబ్బులో అది బిళ్లలోనే ఉండిపోతుంది. స్నానం చేశాక ఒళ్లు బిర్రబిగుసుకుపోకుండా ఉండటానికి అదీ ఒక కారణం.

“సోడా వాడం” అని చెప్పేవాళ్లలో కొందరిది అబద్ధమూ కాదు. వాళ్లు సబ్బు బేస్ దిమ్మలు కొని, కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చుల్లో పోస్తారు. సోడా పని ఫ్యాక్టరీలో ముందే అయిపోయి ఉంటుంది. ఆ పద్ధతిలో పొద్దున పోస్తే సాయంత్రానికి సబ్బు చేతికొస్తుంది. నూనె దగ్గర నుంచి మొదలుపెడితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. రెండూ చేతిపనే. కానీ రెండింటినీ ఒకే పేరుతో, ఒకే ధరకు అమ్మడం కొనేవాళ్లకు అన్యాయం.

అరకులోయ వారపు సంతకు తెల్లారకముందే చుట్టుపక్కల ఊళ్ల జనం దిగుతారు. జీపుల మీద, ఆటోల్లో, కావిళ్లు భుజానికెత్తుకుని నడిచి. చింతపండు, అల్లం, రాజ్‌మా గింజలు, పిప్పళ్లు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు. మాఘమాసపు చలి ఇంకా వదలదు. అమ్మేవాళ్లు గొంగళ్లు, తువ్వాళ్లు కప్పుకునే బేరాలు మొదలుపెడతారు. కుంకుళ్లు చెట్టు మీద పండి రాలే కాలం ఇదే. సీకాయ కూడా దాదాపు ఇదే రోజుల్లో వస్తుంది.

ముక్కుకు మూడు పోగులు పెట్టుకున్న ఒక ముసలమ్మ ముందు గోనెపట్టా మీద కుంకుళ్లు రాశిగా పోసి ఉన్నాయి. తేనెరంగు తొక్కు, ముడతలు, వేలికి జిగురు.

“పిక్క తీసింది కావాలేటి తల్లీ, పిక్కతోటేనా?”

“పిక్కతోటే ఇయ్యమ్మా” అంది పెద్దకోడలు.

కాయ బరువులో సగానికి దగ్గరగా పిక్కే ఉంటుంది. అంటే పారేయబోయే దానికి డబ్బు ఇవ్వడం. అయినా ఆమె అలాగే కొంటుంది. ఒక్కో గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపి చూసింది. బాగా ఎండిన కాయలో పిక్క గలగలమంటుంది, పచ్చి మిగిలిన కాయ పలకదు. పచ్చివి రెండు గుప్పెళ్లు కలిసినా చాలు, వానాకాలానికల్లా బస్తా అంతా బూజు పడుతుంది. పిక్క తీసేసిన తొక్కులో ఆ తేడా ఎంత అనుభవమున్న చేతికైనా అందదు. పాత సరుకు కలిపినా కనబడదు.

కుంకుడు రసం నురగ రావడానికి సోడా అక్కర్లేదు. తొక్కులోని సపోనిన్లే ఆ పని చేస్తాయి. బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు తెల్లటి మడ్డిగా విరిగిపోతుంది. కుంకుడు అక్కడా నురగనిస్తుంది. ఉప్పునీళ్ల ఊళ్లలో షాంపూ పొట్లాలు రాకముందు తలంటుకు అదే దిక్కు కావడానికి కారణం ఇదే. పెద్దకోడలు మాత్రం కుంకుడును సబ్బులో కలపదు. సబ్బులో ఎలాగూ నురగ ఉంది, అక్కడ కుంకుడు పేరుకు మాత్రమే ఉంటుందని ఆమె అభిప్రాయం. దాన్ని పొడిగానే అమ్ముతుంది. కళ్లలో పడితే మంట అని పొట్లం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయిస్తుంది.

సంత పక్కనే గిరిజన సహకార సంస్థ డిపోలో చిన్నకోడలు ధరలు రాసుకుని వచ్చింది. విశాఖ కేంద్రంగా 1956లో పుట్టిన సంస్థ అది. కుంకుళ్లు, సీకాయ, కరక్కాయ, ముష్టి గింజలు, చిల్లగింజలు, తపసి జిగురు, తేనె, చింతపండు గిరిజనుల దగ్గర కొంటుంది. అదే సంస్థ తేనెనూ, కాఫీనీ, కుంకుడు సీకాయ పొడులనూ, సబ్బులనూ ‘గిరిజన్’ పేరుతో అమ్ముతుంది. సంతలో దళారీ పుంజుకోకుండా ఎంతో కొంత నిలువరిస్తున్నది డిపో గోడ మీద రాసిన ఆ ధరే. తోడికోడళ్లు సంతలో కొనేటప్పుడు ఆ ధరకు తగ్గకుండా ఇస్తారు. బేరం ఆడరు. కొండెక్కి, చెట్టు కింద ఒక్కో కాయా ఏరి, ఎండబెట్టి, మోసుకొచ్చిన మనిషి దగ్గర ఐదు రూపాయలు తగ్గించి, పట్నంలో అదే పొడి మీద ‘అడవి సంపద’ అని రాసుకోవడం తప్పని పెద్దకోడలు పట్టు. ఇది వినడానికి తేలిక, వ్యాపారంలో నిలబెట్టుకోవడం కష్టం. నిలబెట్టుకున్నందుకు ఆమెను మెచ్చుకోవాలి.

కాఫీ తోటల్లో ఈ రోజుల్లో కోత ముగింపుకొస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. కళ్లాల్లో టార్పాలిన్ల మీద గింజలు ఎండుతుంటాయి. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సబ్బుకు మేలురకం గింజ అక్కర్లేదు, ముక్కలైన గింజ చాలు. దాన్ని బరకగా ఆడించి సబ్బులో కలిపితే మడమలకూ మోచేతులకూ రుద్దుకోవడానికి పనికొస్తుంది. సబ్బులో పడ్డాక మారకుండా తన పని తాను చేసే కొద్ది సరుకుల్లో కాఫీ పలుకు ఒకటి.

అన్నీ అలా ఉండవు. ఆ సంగతి పాడేరులో తేలింది.

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు ముఖ్యపట్టణం. ఇక్కడి కొండవాలు పసుపు పేరున్న పంట. తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, వారాల పాటు ఎండబెట్టి, మెరుగు పట్టిస్తారు. ఫిబ్రవరి, మార్చిల్లో ఏ ఊరి పొలిమేరకు వెళ్లినా ఉడుకుతున్న పసుపు వాసన తగులుతుంది. ఒక పెరట్లో కొమ్ములు కొంటుండగా ఆ ఇంటి కోడలు అడిగింది. “అక్కా, మీ పసుపు సబ్బు పచ్చగా ఉండదేటి? టౌన్లో కొన్నది నిమ్మపండు రంగులో మెరిసిపోయింది.” పెద్దకోడలు పక్క కిళ్లీ బడ్డీ నుంచి వేలిమీద సున్నం తెచ్చి, అరచేతిలో చిటికెడు పసుపు పోసి, రెండు చుక్కల నీళ్లతో రుద్దింది. అరచేయి ఎర్రబడింది. పెళ్లిళ్లలో, పురిటి ఇళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. సున్నం చేసిందే కాస్టిక్ కూడా చేస్తుంది. సబ్బు గిన్నెలో పసుపు పడగానే ఇటుకరంగు తిరుగుతుంది. వారాలు గడిచి క్షారం తగ్గేకొద్దీ నారింజకు, ఆవరంగుకు వస్తుంది. వెలుతురు తగిలేచోట పెడితే ఇంకా వెలుస్తుంది. సబ్బు నిమ్మపండు రంగులో మెరుస్తుంటే, అందులో రంగు విడిగా కలిపారా అని అడగడంలో తప్పులేదు.

దీన్ని ఇక్కడితో ఆపకుండా చెప్పుకోవాలి. మూలికా సబ్బుల వ్యాపారంలో అసలైన నిజాయితీ ప్రశ్న ఇదే. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ క్షారంలో నిలవదు. వేపాకు పొడి కొత్తలో ఆకుపచ్చగా ఉండి, కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. మల్లె, గులాబీ రేకులు పైన అద్దితే ఫొటోలో బాగుంటాయి, తడి తగిలాక నల్లబడతాయి. నిమ్మజాతి సుగంధ తైలాలు వారాల్లో ఎగిరిపోతాయి. వట్టివేరు తైలం మాత్రం నిలుస్తుంది. వేపనూనెలో ఎక్కువ భాగం సబ్బుగా మారిపోతుంది, కొద్దిపాటి అంశాలు మారకుండా మిగులుతాయి. దాని ఘాటు వాసనే అందుకు సాక్ష్యం. పైగా సబ్బు ఒంటిమీద ఉండేది ఒక నిమిషం, ఆపైన నీళ్లతో పోతుంది. అలాంటి సరుకు మీద ‘మొటిమలు మాయం’, ‘వారంలో తెల్లబడతారు’ అని రాయడం ఎంతమాత్రం సబబు కాదు. మంచి సబ్బు చెయ్యవలసింది ఒకటే. చర్మంలోని సహజమైన జిడ్డును మొత్తం లాగేయకుండా మురికిని వదిలించడం. ఆ పని నూనెల ఎంపికతో, సోడా కొలతతో, ఓపికతో జరుగుతుంది. మూలిక ఆ పనికి తోడు మాత్రమే.

సున్నిపిండి సంగతి వేరు. అందులో క్షారం లేదు కాబట్టి వేసినది వేసినట్టే ఉంటుంది. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండిన కమలాతొక్క, పసుపు. వాళ్ల అత్తగారి పాళ్లలో బావంచాలు కూడా ఉండేవి. పెద్దకోడలు వాటిని తీసేసింది. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటికి పట్టాక ఎండలోకి వెళితే కొందరికి చర్మం కమిలిపోతుంది. ఇంట్లో నలుగు పెట్టేటప్పుడు ఎవరికి పడుతుందో ఎవరికి పడదో పెద్దవాళ్లకు తెలుసు. ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారుకు పంపేటప్పుడు ఆ ధీమా ఉండదు.

పాడేరు నుంచి చింతపల్లి మీదుగా నర్సీపట్నం దిగే బస్సు ఎక్కారు. చింతపల్లిలో టీ కోసం ఆగితే రోడ్డు పక్కనే గతం కనబడుతుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఉన్నది ఈ ఊళ్లోనే. ఆ తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అడవి మీద ఆంక్షలు ముఖ్యమైనవి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకూ, కట్టెకూ, కాయకూ కూడా గిరిజనులు అనుమతి అడగాల్సి వచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభలదేనని చట్టం చెప్పడానికి 1996లో పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) దాకా, ఏరుకుని అమ్ముకునే హక్కు గిరిజనులదని స్పష్టంగా రాయడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా పట్టింది. కుంకుడు బస్తా బస్సు టాపు మీదికి ఎక్కడం వెనుక ఇంత కథ ఉంది. కుంకుడు పొడి అమ్మే వ్యాపారి ఆ కథ తెలుసుకుని తీరాలి.

2018 ఏప్రిల్ 14న మొదలైన వన్‌ధన్ కేంద్రాల ఆలోచన కూడా ఈ దారిలోదే. సుమారు 300 మంది ఏరుకునేవాళ్లను ఒక గుంపుగా చేసి, శుభ్రం చేయడం, పిక్క తీయడం, పొడి కొట్టడం ఊళ్లోనే జరిగేలా చూడటం. కాయగా అమ్మితే వచ్చేదానికీ పొడిగా అమ్మితే వచ్చేదానికీ తేడా పెద్దది. వచ్చే ఏడు పిక్క తీసే పని పాడేరు పక్క ఊరి మహిళా సంఘానికే అప్పగించి, ఆ కూలి వాళ్లకే ఇవ్వాలని తోడికోడళ్లు బస్సులో లెక్క వేసుకున్నారు. గలగల పరీక్ష ఎలా అన్నది చిన్నకోడలి సందేహం. “మొదటి బస్తాకు నేనే వచ్చి కూర్చుంటానే” అంది పెద్దకోడలు.

లంబసింగి మలుపుల్లో పర్యాటకుల కార్లు, స్ట్రాబెర్రీ బుట్టలు. అది దాటితే ఘాట్ దిగుడు, వేడి, నర్సీపట్నం. అక్కడి నుంచి తుని, రాజమండ్రి. కడియం నర్సరీల దగ్గర కాలవగట్టు పొడుగునా మొక్కలు చూస్తూ వెళ్లారు. మేడమీద పెంచడానికి కలబంద పిలకలు తప్ప ఏమీ కొనలేదు.

ఇలాంటి చిన్న గదుల్లో మొదలైన మూలికా సబ్బులు దక్షిణాదిలో కొత్తేమీ కావు. కేరళలో ఇరింజాలకుడకు చెందిన కేశవన్ వైద్యర్ 1940లో చంద్రిక సబ్బు మొదలుపెట్టాడు. మద్రాసులో రైల్వే వైద్యుడిగా పనిచేసిన వి.పి. సిధన్ 1969లో మెడిమిక్స్‌ను భార్యతో కలిసి ఇంటి వంటగదిలో చేతితో చేయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ముందు వైద్యులు, సబ్బు ఆ తర్వాత వచ్చింది. ఇవాళ చాలామంది అచ్చు, పెట్టె, ఫొటో దగ్గర మొదలుపెడుతున్నారు. వ్యాపారం పెరగడానికి అవీ కావాలి. కానీ చంద్రికకూ మెడిమిక్స్‌కూ మొదట గిరాకీ తెచ్చింది సబ్బే.

రావులపాలెం దాటి అంబాజీపేట చేరేసరికి గాలిలో కొబ్బరి. కోనసీమలో పేపర్లు బంగారం ధర పక్కన కొబ్బరి ధర వేస్తాయి. కొత్త కొబ్బరి క్వింటాలుకు ఇంత, కురిడీ గండేరా వెయ్యికి ఇంత, గటగట వెయ్యికి ఇంత అని. కురిడీ అంటే కాయలోనే ఎండిన నిండు కొబ్బరి, గండేరా, గటగట అందులో రకాలు. కురిడీలు ఎక్కువగా ఉత్తరాదికి పోతాయి. మరకు వెళ్లేది ఎండుకొబ్బరి చిప్ప. గోదావరి జిల్లాల మర్యాదతో మిల్లు యజమాని కుర్చీలు వేయించాడు.

“ఆయ్, మొన్న ఆడించిందేనండి. వాసన చూడండి.”

పెద్దకోడలు ముందు వాసన చూడలేదు. ఆడించబోయే చిప్పల దగ్గరికి వెళ్లి ఒకటి విరిచింది. టక్కున విరిగింది. లోపల తెలుపు, అంచున నల్ల బూజు లేదు. ఇంకో బుట్టలోంచి తీసింది వంగింది కానీ విరగలేదు. ఆ బుట్ట సరుకు వద్దంది.

“అది దీపారాధన నూనెకండి, మీకు కాదండి” అన్నాడాయన, నొచ్చుకోకుండా.

ముక్క ఎండని కొబ్బరిలోంచి వచ్చిన నూనె త్వరగా కనరుతుంది. కనరు నూనెతో చేసిన సబ్బు మొదటి నెల బాగానే ఉంటుంది. తర్వాత బిళ్ల మీద నారింజ రంగు చుక్కలు పుడతాయి, అటుపైన పాత నూనె కంపు. కొన్న మనిషి మళ్లీ రాదు.

ధర దగ్గరే మాట ఆగింది. 2025లో కొబ్బరి నూనె ధర ఏడాది కిందటితో పోలిస్తే రెట్టింపు దాకా ఎగబాకింది. పెద్ద కంపెనీలు పామాయిల్ పాలు పెంచుకుని సర్దుకుంటాయి. చిన్న తయారీదారుకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ల పాళ్లు కిలో నూనెకు కొబ్బరి 400 గ్రాములు, నువ్వులు 300, ఇప్పనూనె 200, ఆముదం 100. దీనికి పట్టే కాస్టిక్, ఐదు శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా తగ్గించుకుంటే, సుమారు 146 గ్రాములు. ఆరి తయారయ్యేవి వంద గ్రాముల బిళ్లలు డజను. కొబ్బరి నూనె కిలోకి 200 రూపాయలు పెరిగితే బిళ్లకు ఆరేడు రూపాయలు పెరిగినట్టు. చిన్నకోడలు వేళ్ల మీదే చెప్పింది. కొబ్బరి తగ్గిస్తే నురగ తగ్గుతుంది. ఇప్పనూనె పెంచితే బిళ్ల గట్టిగా వస్తుంది కానీ నురగ పలుచన. పాళ్లు మార్చకుండా ధర పెంచాలని మిల్లు అరుగు మీదే తేల్చుకున్నారు. ఉన్న ఒకే ఊరట, 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గడం.

విశాఖకు తిరిగొచ్చాక మేడమీద గదిలో పని మొదలైంది. గది గోడకు ఫ్రేము కట్టి పెట్టిన లైసెన్సు ఉంది. అమ్మకానికి సబ్బు చేయాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి సీఓఎస్-8 లైసెన్సు తీసుకోవాలి. ఇంట్లో చేసేవాళ్లలో చాలామంది ఈ సంగతి తెలియకుండానే మొదలుపెడతారు. గదికి గాలీ వెలుతురూ, కడగడానికి వీలైన నేలా గోడలూ, వంటింటితో సంబంధం లేని చోటూ చూపాలి. తయారీని చూసుకునే మనిషికి ఫార్మసీ డిప్లొమా గానీ, కనీసం ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ గానీ ఉండాలి. పెద్దకోడలి బైపీసీ ఇలా అక్కరకొచ్చింది. లేబుల్ మీద పదార్థాలన్నీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, చిరునామా ఉండాలి. ‘గజ్జి తగ్గిస్తుంది’ అన్నారో, అది సబ్బు కాదు, మందు. దానికి చట్టం వేరు, లైసెన్సు వేరు.

క్రీములూ లోషన్లూ వాళ్లు ఎందుకు చేయరన్నదీ ఈ గదిలోనే అర్థమవుతుంది. నూనెలో నీళ్లు కలిసిన చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. సబ్బుకు క్షారం కాపలా, పొడికి ఎండు కాపలా, తలనూనెలో నీరే ఉండదు. క్రీముకు ప్రిజర్వేటివ్ తప్పదు, పరీక్షలూ తప్పవు. ‘ప్రిజర్వేటివ్ లేని ఇంటి క్రీము’ అంటూ అమ్మేది వినడానికి ఎంత బాగున్నా, పసిపిల్లల ఒంటికి రాసేదైతే ప్రమాదం. ఈ విషయంలో పెద్దకోడలు మెత్తబడదు.

చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు. స్టీలు గిన్నెలో చల్లటి నీళ్లు, అందులో కొద్దికొద్దిగా కాస్టిక్. నీళ్లలో కాస్టిక్ వేయాలి తప్ప కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె దరిదాపుల్లో ఉండకూడదు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. నిమిషంలో గిన్నె 80 డిగ్రీలు దాటి పొగ చిమ్ముతుంది. కిటికీలు తెరిచి ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది. అది చల్లారాక, గోరువెచ్చని నూనెలో పోసి హ్యాండ్ బ్లెండర్ ఆడించింది. కాసేపటికి మిశ్రమం దోసెల పిండిలా జారుగా చిక్కబడి, గరిటె ఎత్తితే పైన గీత నిలిచింది. అప్పుడు పాడేరు పసుపు. గిన్నె అంచు నుంచి ఇటుకరంగు పాకింది. అచ్చుల్లో పోసి, దుప్పటి కప్పి, మర్నాడు కోసి, చెక్క అరల మీద వరసగా పేర్చింది. ప్రతి అరకూ పోసిన తేదీ రాసిన చీటీ.

ఆ చీటీలు రాస్తుండగానే చిన్నకోడలి ఫోన్ మోగింది. బీచ్ రోడ్డు హోటల్ ఒకటి గదుల్లో పెట్టడానికి చిన్న బిళ్లలు అడిగింది, పెద్ద ఆర్డరే, కాకపోతే రెండు వారాల్లో కావాలి. ఆరు వారాలు ఆరనిది ఇవ్వలేమని చిన్నకోడలు చెప్పింది. బేస్ కరిగించి పోయొచ్చుగా, తేడా ఎవరికి తెలుస్తుంది అన్నారు అవతల. ఆమె ఫోన్ చేత్తో మూసి పెద్దకోడలి వైపు చూసింది.

“ఉన్న పాత బ్యాచ్‌లో ఎన్ని తేలతాయో చూడవే, అవి ఇద్దాం. మిగతావి ఏప్రిల్‌లో అను. అందాకా ఆగుతారేమో అడుగు.”

చిన్నకోడలు అరల దగ్గరికి వెళ్లి, జనవరి తేదీ చీటీ ఉన్న వరస లెక్కపెట్టి, ఫోన్‌లో ఆ సంఖ్యే చెప్పింది. అడ్వాన్సు సగం ముందే కావాలని కూడా చెప్పింది.